కాలు చూడకుండా చెప్పే చిట్కాలు

చలి మొదలైందంటే పాలమూరులోనూ నల్లగొండలోనూ సలహాలకు కరువుండదు. మడమ పగిలిందని నోరు జారడమే ఆలస్యం, పక్కింటామె జీడి పెట్టమంటుంది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన కిరోసిన్ పూయమంటాడు. ఫోన్లో వచ్చిన వీడియో నిమ్మచెక్క రుద్దమంటుంది. చెప్పేవాళ్లందరిదీ మంచి మనసే. కానీ ఒక్కరైనా "ఏదీ, కాలు ఇటు చూపించు" అనరు. నా బాధంతా అక్కడే. పగులు మడమ అంచునుందా, వేళ్ల సందుల్లోనా? ఒక కాలికేనా, రెండింటికీనా? ఎండ తగిలే చోటనా, బట్ట కప్పే చోటనా? ముట్టుకుంటే తెలుస్తోందా, లేదా? ఇవేవీ చూడకుండా చెప్పిన చిట్కా ఎంత పాతదైనా తప్పుడు చిట్కాయే. మన రెండు పాత జిల్లాల్లో బాగా తిరుగుతున్న అలాంటి సలహాలను ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను. పాటించడానికి కాదు, ఎవరైనా చెబితే కాలు వెనక్కి తీసుకోవడానికి.

"జీడి పెట్టు, నాలుగు రోజుల్లో మానుతది"

అన్నిటికన్నా ముందు ఆపాల్సింది ఇది. నల్లమల అడవుల్లో దొరికే నల్లజీడి గింజను మంట మీద కాల్చి, కారే రసాన్ని వేడివేడిగా పగుల్లో పెడతారు. బట్టలు ఉతికేవాళ్లు గుర్తు పెట్టేది ఈ రసంతోనే. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నలుపు పోదు. జీడిమామిడి పెంకులో ఉండేలాంటి మంట పుట్టించే రసాయనాలే ఇందులోనూ ఉంటాయి. పెట్టిన రోజు బాగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులకు చుట్టూ ఎర్రబడి, నీటి పొక్కులు లేచి, రసం తగలని చోటికీ దురద పాకుతుంది. మరి తగ్గిందని అంతమంది ఎందుకంటారు? కాలిన తోలు ఊడిపోయి కింద నుంచి లేత గులాబీ రంగు చర్మం బయటపడుతుంది కనుక. ఆ లేత చర్మానికి బరువు మోసే శక్తి ఇంకా రాలేదు. నెల తిరగకముందే అదే చోట, ఈసారి ఇంకా లోతుగా పగులుతుంది.

జిల్లేడు పాలు, తడి సున్నం, పొయ్యి బూడిద కూడా ఇదే కోవలోవి. "అన్నీ ప్రకృతి ఇచ్చినవే కదా, ఏం చేస్తాయి" అనేవాళ్లు ఒకసారి పుట్టపాక వెళ్లి రావాలి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన తేలియా రుమాలు కోసం అక్కడి నేతగాళ్లు నూలును నూనెలోనూ, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెడతారు, పిసుకుతారు, ఆరబెడతారు. రంగు పట్టేలా దారం గుణాన్నే మార్చగలిగినంత క్షారం ఆ బూడిదలో ఉంది. అంత బలమున్న బూడిదను గిన్నెలు తోమడానికి వాడండి, కాలికి వద్దు.

ఆముదం మాట వచ్చింది కనుక ఇంకొకటి. పచ్చి ఆముదం గింజలు నూరి మడమకు కట్టమని కొందరు చెబుతారు. పచ్చి గింజలో రైసిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ గింజ పొడి పడనివాళ్లకు దద్దుర్లు, ఆయాసం కూడా వస్తాయి. నూనె వేరు, గింజ వేరు. నూనె సంగతి తర్వాత చెబుతాను.

"వేడి నీళ్లు పోసి, ఇటుక పెంకుతో గట్టిగా తోము"

చర్మం పైపొరను పాలమూరు మేస్త్రీ కట్టిన గోడ అనుకోండి. ఎండిన కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నపు అడుసు. ఆ కొవ్వు ఉన్నంతసేపే లోపలి తడి లోపల నిలుస్తుంది. మరిగే నీళ్లూ, నురగలు తేలే సబ్బూ కలిసి చేసే పని ఆ కొవ్వును కడిగేయడం. చలికాలంలో గాలి ఎండిపోయి ఉంటుంది, అదే కాలంలో మనం నీళ్లు ఎక్కువ వేడి చేసుకుంటాం. పైగా అరచేతుల్లో, అరికాళ్లలో నూనె గ్రంథులే లేవు. ఒళ్లంతా తనంతట తాను నూనె పెట్టుకుంటుంది, మడమకు మాత్రం ఆ అదృష్టం లేదు. దాని మీద ఒంటి బరువంతా పడుతుంది. బరువు పడ్డప్పుడల్లా మడమ పక్కలకు సాగుతుంది. అంచున ఉన్న తోలు మందంగా, ఎండిపోయి ఉంటే సాగలేక పర్రెలు పడుతుంది. ఇటుక పెంకుతో ఎంత గీకితే తోలు అంత మందంగా మళ్లీ పుడుతుంది. రాపిడి తగిలిన చోట మందం పెంచుకోవడం చర్మానికున్న సహజ గుణం. బ్లేడుతో కోయడం గురించి వేరే చెప్పనక్కర లేదనుకుంటాను. షుగర్ ఉన్నవాళ్లు బ్లేడు పట్టుకుంటే మాత్రం పక్కనున్నవాళ్లు లాక్కోవాలి.

చేయాల్సింది ఇలా. రాత్రి పనులన్నీ అయ్యాక తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి. వేడి ఎంతుందో మోచేయి ముంచి చూడండి, కాలితో చూడొద్దు. సబ్బు వద్దు, ఉప్పు వద్దు, షాంపూ వద్దు. పావుగంట కాళ్లు అందులో ఉంచితే మడమ అంచున పసుపుపచ్చగా గట్టిపడ్డ తోలు నాని తెల్లబడి ఉబ్బుతుంది. పగులు రెండు ఒడ్లూ దగ్గరికి వస్తాయి. పాత నూలు లుంగీ ముక్కతో అద్దండి. పూర్తిగా ఆరబెట్టకండి. తడి ఇంకా చర్మంలో ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో, వాజిలిన్ గానీ ఆముదం గానీ వేలితో తీసుకుని పగులు పొడుగునా నిండేలా పట్టించి, తర్వాత మడమంతా పూయండి. పైన నూలు సాక్సులు తొడుక్కుని పడుకోండి. వట్టి కాళ్లకు నూనె రాసుకుని నాపరాయి బండల మీద నడిస్తే జారి తుంటి విరుగుతుంది. ముసలివాళ్లున్న ఇళ్లలో ఇది గుర్తుపెట్టుకోవాలి. వారానికి ఒకటి రెండు సార్లు, నానిన తోలు మీద మాత్రమే, నున్నటి ప్యూమిస్ రాయితో మెల్లగా నాలుగుసార్లు తిప్పితే చాలు. పగటిపూట వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పు మడమను వదిలేస్తుంది, అది నేల మీద ఇష్టమొచ్చినట్టు సాగుతుంది.

రెండు మూడు వారాలు రోజూ చేయాలి. ఒక రాత్రి చేసి ఫలితం లేదంటే ఆ మాట నేను ఒప్పుకోను.

"ఆముదం ఉండగా వేరే మందెందుకు"

ఈ సలహా చాలావరకు నిజం. నాకు ఆముదం అంటే గౌరవం. ఉమ్మడి రాష్ట్రంలో ఆముదం పంటకు పెట్టింది పేరు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలే. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం పరిశోధన కేంద్రం నుంచి క్రాంతి, హరిత లాంటి రకాలు వచ్చాయి. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరగబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసుకున్న అవ్వలు ఇంకా ఉన్నారు. ఆ మరుగుడులోనే గింజలోని విషం చచ్చిపోతుంది. ఆముదంలో పదింట తొమ్మిది వంతుల దాకా ఉండే రిసినోలిక్ ఆమ్లం వల్ల అది చిక్కగా అంటుకుని, తడి ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది.

తప్పెక్కడంటే, ఎండిన కాలికి ఎండినట్టే రాయడంలో. ఆముదం తడిని పట్టి ఉంచుతుందే తప్ప తడిని తేలేదు. పొద్దంతా చేనులో తిరిగొచ్చి, దుమ్ము కాలికే నూనె పట్టిస్తే దుమ్ము పగుల్లోకి ఇంకా లోతుగా పోతుంది. ఇంకో తప్పు, అదే ఆముదాన్ని పసిపిల్లల ముక్కుల్లోనూ గొంతులోనూ పోయడం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే వచ్చే న్యుమోనియా బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. ఒంటికి రాసే నూనె ఒంటి మీదే ఉండాలి.

"యూరియా మంచిదట, బస్తాలోది కొంచెం కలుపుకో"

డాక్టర్లు పగిలిన మడమలకు యూరియా ఉన్న ఆయింట్‌మెంటు రాస్తారు, నిజమే. పదో, ఇరవయ్యో శాతం శుద్ధమైన యూరియా కలిపిన ఆ పూత తోలును మెత్తబరిచి నీటిని లాగి పట్టుకుంటుంది. ఆ చీటీ చూసి ఎరువుల బస్తా వైపు చూడకండి. పొలానికి వేసే యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. అది మనిషి చర్మం కోసం శుద్ధి చేసిన సరుకు కాదు. పగిలి నెత్తురు వచ్చే చోట అయితే ఆయింట్‌మెంటు కూడా మండుతుంది. ముందు వాజిలిన్‌తో పగులు మూయాలి, తర్వాతే యూరియా పూత.

"నిమ్మచెక్క రుద్ది ఎండలో కూర్చో"

నకిరేకల్ నిమ్మ కూరలోకి, పచ్చడిలోకి, షర్బత్‌లోకి. నిమ్మరసం, తొక్క నూనె చర్మానికి అంటి, దాని మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలెక్కి నెలల తరబడి నల్లమచ్చలుంటాయి. తోటల్లో కాయలు కోసే కూలీల చేతులు చూస్తే తెలుస్తుంది. పగుల్లో పడితే మంట సరేసరి. పసుపు ముద్ద, శనగపిండి, కుంకుడు రసం కూడా ఎండిన చర్మాన్ని ఇంకా ఎండబెట్టేవే.

"అంతా నల్లగొండ నీళ్ల మహిమ" "కాదు, నువ్వు నీళ్లే తాగవు"

ఈ రెండూ ఒకదానికొకటి పొసగని సలహాలు, రెండూ ఒకే అరుగు మీద వినబడతాయి.

మర్రిగూడ, నారాయణపూర్ వైపు ఫ్లోరైడ్ చేసిన గోసను ఎవరూ తక్కువ చేయలేరు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో ఎన్నో రెట్లు ఉండి పళ్లను గారపట్టించింది, ఎముకలను వంచింది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరీ శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్‌కు పునాది వేసింది కూడా ఆ గోస వల్లే. అయితే ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకూ ఎముకలకూ. మడమ పగులుకు దాన్ని కారణం చేస్తే అసలు కారణం దొరకదు. పైగా ఫ్లోరైడ్ పోతుందని నీళ్లు మరగబెడితే, ఆవిరైన నీరు పోయి మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది.

బోరు నీళ్లలో చర్మానికి నిజంగా చెరుపు చేసేది వేరే ఉంది, గట్టితనం. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీళ్లలో సబ్బు నురగ రాదు. నురగ రాలేదని ఇంకోసారి రుద్దుతాం. సబ్బు లవణాలతో కలిసి తెల్లటి జిగురై చర్మానికి అంటుకుని, ఎంత కడిగినా పోదు, దురద పుట్టిస్తుంది. స్నానానికైనా, కనీసం చివరి రెండు చెంబులకైనా భగీరథ నీళ్లో వాన నీళ్లో వాడండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. కాళ్లూ చేతులూ రోజూ రుద్దనవసరం లేదు.

ఇక నీళ్లు తాగడం. మే నెల ఎండలో పనిచేసేవాళ్లకు అది ప్రాణావసరం. కానీ మామూలుగా తాగే మనిషి ఇంకో రెండు చెంబులు ఎక్కువ తాగితే అవి మూత్రంలో పోతాయి, మడమకు చేరవు.

"జొన్న రొట్టె మానెయ్, దానివల్లే తోలు చెడ్తది" "జొన్న రొట్టె ఒక్కటే తిను, అన్నీ పోతయ్"

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. తిండికీ చర్మానికీ ఉన్న సంబంధం గురించి ప్రపంచానికి ఎంతో నేర్పిన నేల మనది. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చిన పోషకాహార పరిశోధనాలయాన్ని ఇవాళ మనం ఎన్‌ఐఎన్ అంటున్నాం. అక్కడి వైద్యులు తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన జొన్న తిండి పేదల్లో ఒక జబ్బును మళ్లీ మళ్లీ చూశారు. ముంజేతుల మీద, పాదాల పైభాగాన, మెడ చుట్టూ, అంటే ఎండ తగిలే చోట్లలో మాత్రమే చర్మం నల్లబడి, గరుకై, పొలుసులుగా లేచి, పగిలేది. రెండు చేతులకూ ఒకేలా ఉండేది, బట్ట కప్పే చోట గీత గీసినట్టు ఆగేది. నాలుక ఎర్రబడేది, విరేచనాలు పట్టుకునేవి, మనిషి దిగులుగా, పరధ్యానంగా అయిపోయేవాడు. అదే పెల్లాగ్రా. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని బతికే పేదలకు వచ్చినప్పుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని 1915లో నిరూపించాడు. 1937లో ఆ లోటు నియాసిన్ అని తేలింది. కానీ జొన్న తినే తెలంగాణ పల్లెల్లో ఎందుకొచ్చింది? ఎన్‌ఐఎన్ వైద్యులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు: జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఒంట్లో నియాసిన్ తయారీకి అడ్డు పడుతోందని. ఆ వాదం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. బీ6 విటమిన్ పాత్ర కూడా ఎన్‌ఐఎన్ వాళ్లే పరిశీలించారు. ఒక సంగతి మీద మాత్రం ఎవరికీ తగాదా లేదు. పూటపూటా జొన్న ఒక్కటే, పక్కన పప్పు లేకుండా, పాలూ గుడ్డూ మాంసమూ లేకుండా తిన్నవాళ్లకే ఆ జబ్బు వచ్చింది.

అంటే తప్పు రొట్టెది కాదు, రొట్టె పక్కన ఏమీ లేకపోవడానిది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక పళ్లెంలో జొన్న వెనకబడింది. ఇప్పుడు షుగర్ భయంతో మళ్లీ జొన్న ముందుకొస్తోంది. సంతోషమే. తినండి, పక్కన పప్పు పెట్టుకోండి, పల్లి పొడి పెట్టుకోండి. నియాసిన్‌కు పల్లీని మించినది మన పొలాల్లో లేదు. వనపర్తి, కల్వకుర్తి, అచ్చంపేట రైతులు యాసంగిలో పండించిన పల్లి మొత్తం యార్డుకు పోయి, ఇంట్లో చట్నీకి కొట్టు నుంచి కొనుక్కునే పరిస్థితి చూస్తే నాకు మనసొప్పదు. ఒక బస్తా ఇంట్లో ఆపుకోండి. రోజూ గుప్పెడు పిల్లల చేతిలో పెట్టండి.

ఇవాళ పెల్లాగ్రా అరుదు. కనిపిస్తే ఎక్కువగా అన్నం మానేసి తాగుడు మీదే బతికేవాళ్లలో కనిపిస్తుంది, అప్పుడప్పుడు టీబీకి ఐసోనియాజిడ్ గోలీలు వాడేవాళ్లలో. గోలీలు ఆపొద్దు, డాక్టరుకు చెయ్యి చూపించాలి, పక్కన విటమిన్ రాస్తారు. ఎండ తగిలే చోట మాత్రమే రెండు వైపులా ఒకేలా పగిలితే అది మలాముతో తగ్గేది కాదు.

పిల్లల మోచేతులు, మోకాళ్ల మీద ముళ్లలా గరుకు పొక్కులు లేస్తాయి చూడండి, తడిమితే ఆకురాయిలా తగులుతుంది. 1933లో సిలోన్‌లో నికొల్స్ అనే వైద్యుడు దీనికి కప్ప చర్మమని పేరు పెట్టాడు. దానికి విటమిన్ ఏ ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1960ల్లో ఎన్‌ఐఎన్ పరిశోధనలు బీ విటమిన్ల వైపు, నూనెల్లోని లినోలిక్ ఆమ్లం వైపు చూపాయి. కుసుమ నూనెలో నాలుగింట మూడు వంతులు లినోలిక్ ఆమ్లమే. పామాయిల్‌లో అది పదో వంతు. అందుకే పామాయిల్ ప్యాకెట్ ఒక్కటే తెచ్చుకునే ఇంట్లో నువ్వుల పొడో, కుసుమ నూనెతో పోపో అప్పుడప్పుడు పడాలి. మునగాకు, తోటకూర కూడా నూనెతో వండితేనే వాటిలోని విటమిన్ ఏ సరుకు ఒంటికి పడుతుంది.

"విటమిన్ గోలీలు మింగు, ఒకటి పగలగొట్టి రాయి"

విటమిన్ ఏ ఎక్కువైతే పెదాలు, చర్మం ఎండి పగులుతాయి. ఏ లోటుకని మింగామో అదే రూపంలో దెబ్బ తగులుతుంది. ప్రభుత్వం తొమ్మిది నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలకోసారి లెక్కగా పోసే డోసు వేరు, మెడికల్ షాపులో సొంతంగా కొని మింగడం వేరు. విటమిన్ ఈ గోలీ నూనె పూస్తే కొందరికి దద్దుర్లే మిగులుతాయి. గోలీల డబ్బుతో గుడ్లు కొనండి.

"గ్లౌజులు వేసుకో, అయిపోతది"

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఊరు విడిచి వెళ్లి ఆనకట్టలు, అంతస్తులు కట్టిన చేతులవి. ఆ చేతులకు చెప్పే సలహాలు చాలా అన్యాయంగా ఉంటాయి. తడి సిమెంటు క్షారం పీహెచ్ 12 దాటుతుంది. అది తోలులోని కొవ్వును తినేస్తుంది, చర్మం ఎండి వేళ్ల కీళ్ల దగ్గర చీలుతుంది. ఇది కాక, సిమెంటులోని హెక్సావాలెంట్ క్రోమియం కొందరికి పడదు. ఒకసారి పడకపోవడం మొదలైందంటే ఏళ్ల తరబడి వదలదు. చేతులంతా దురద, పొలుసులు, నీరు కారడం. ఐరోపాలో 2005 జనవరి నుంచి సిమెంటులో ఆ క్రోమియం పది లక్షల్లో రెండు వంతులు మించకూడదని కట్టుదిట్టం చేశారు. అన్నభేది కలిపితే ఆ క్రోమియం హాని లేని రూపంలోకి మారుతుంది. ఇక్కడ మన మేస్త్రీలు అడగాల్సింది అలాంటి సిమెంటునే.

గుడ్డ గ్లౌజులు వేసుకుంటే సిమెంటు నీళ్లు వాటిలోకి ఇంకి, చేతికి పట్టీ వేసినట్టు పొద్దంతా అంటుకుని ఉంటాయి. అది వట్టి చేతికన్నా ఘోరం. రబ్బరు గ్లౌజులైనా లోపలికి సిమెంటు పోతే వెంటనే తీసి కడగాలి. బూట్లలోకి కాంక్రీటు పోయినా అంతే, పని అయ్యేదాకా ఆగితే సాయంత్రానికి పిక్క కాలి ఉంటుంది. పనిముట్లు కడిగే బకెట్‌లో చేతులు కడగొద్దు, ఆ నీళ్లూ సిమెంటు నీళ్లే. పక్కన మంచినీళ్ల బకెట్ ఒకటి పెట్టించుకోండి. కిరోసిన్‌తో, పెట్రోల్‌తో తుడవొద్దు, మిగిలిన కొవ్వును అవి తీసుకుపోతాయి. పనికి దిగేముందూ, ఇంటికి వచ్చాకా వాజిలిన్ రాసుకోండి. పోచంపల్లిలో కాస్టిక్ సోడా, రంగుల తొట్టెల్లో చేతులు ముంచే నేతన్నలకూ ఇదే మాట. సెలవుకు ఊరికొస్తే తగ్గి, పనికి పోతే మళ్లీ మొదలవుతోందంటే అది పనితో వచ్చిన జబ్బు. దాన్ని "తోలు గుణం" అని సరిపెట్టుకోవద్దు, చర్మ వైద్యుడికి పని సంగతి చెప్పాలి.

"నాట్లేసి కాళ్లు చెడ్డయ్, నూనె పట్టియ్యి"

మిర్యాలగూడ ఆయకట్టులో నాట్ల కాలంలో పగిలేది ఎండి కాదు, నాని. కాలి వేళ్ల సందుల్లో తోలు తెల్లగా మెత్తబడి, వాసన వేసి, చీలుతుంది. దానికి నూనె రాస్తే తడి లోపలే ఉండి తామర పెరుగుతుంది. ఇక్కడ చేయాల్సింది పూర్తిగా తలకిందులు: ఒడ్డెక్కగానే మంచినీళ్లతో కడిగి, ఒక్కో సందూ పొడి గుడ్డతో తుడిచి, వేళ్లు విడదీసి ఆరనివ్వాలి, తామర మందు రాయాలి. మెడికల్ షాపులో దొరికే నాలుగు మందులు కలిపిన ట్యూబు వద్దు. అందులోని స్టెరాయిడ్ దురదను అణచి తామరను పెంచుతుంది. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో పెట్టింది. చీటీ అడగని షాపు మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

"వయసు మీద పడ్డది, అట్లనే ఉంటది"

ముసలితనం అని వదిలేసిన పగుళ్ల వెనక షుగర్ ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది నొప్పి లేని పగులు. లోతుగా చీలి నెత్తురు కారుతున్నా "ఏం నొయ్యదు బిడ్డా" అన్నారంటే ఆ మాటకు ఊరట పడకూడదు. కళ్లు మూసుకోమని, దూదితో అరికాలు, పాదం పైన, పిక్క మీద మెల్లగా తాకి ఎక్కడ తగిలిందో వేలుపెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ కాలికి స్పర్శ పోతోంది. షుగర్ వల్లనా, కుష్టు వల్లనా అన్నది దవాఖానలో తేలుతుంది. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కూడా ఉంటే ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.

కుష్టు పేరు ఎత్తడానికి ఇంట్లో ఇప్పటికీ భయపడతారు. వనపర్తి సంస్థానపు కోడలు రాణీ కుముదినీ దేవి 1958లోనే కూకట్‌పల్లిలో కుష్టు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టి, తానే వాళ్ల మధ్య తిరిగింది. ఇప్పుడు మందు ఉంది, ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే జబ్బు పోతుంది. పోయిన స్పర్శ మాత్రం చాలాసార్లు తిరిగి రాదు కనుక, ఆ పాదాలను ఇక జీవితాంతం రోజూ చూసుకోవాలి. రాత్రి కాళ్లు నానబెట్టే నీళ్ల వేడి ఇంకొకరు చూడాలి. అరికాలు కనబడకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోవచ్చు. చెప్పులో రాయో, మేకో ఉందేమో వేసుకునే ముందు చేతితో తడమాలి. స్పర్శ లేని పాదాలకు మెత్తటి ఎంసీఆర్ రబ్బరు అడుగున్న చెప్పులు ఇస్తారు, కుష్టు కార్యక్రమం కింద వాటిని అడిగి తీసుకోవచ్చు. అవి చూడ్డానికి బాగాలేవని మూలన పెట్టకుండా, ఇంట్లో కూడా వేసుకు తిరగాలి.